పెద్ద సొరచేపల మధ్య స్కూబా డైవింగ్: వెళ్ళొచ్చినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి

కొండారెడ్డి_బురుజు | కర్నూలు

అందరికీ నమస్కారం. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాను. ఆ తర్వాత చేసిన డైవ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు బెంగళూరులో ఉన్న మా ఆఫీసు మిత్రులు మాల్దీవుల్లోని ఫువాములా దీవికి వెళ్దామంటున్నారు. అక్కడ టైగర్ షార్కులు ఏడాది పొడవునా కనిపిస్తాయట. మూడు నాలుగు మీటర్ల పొడవున్నవి, మధ్యలో బోను గానీ వల గానీ లేకుండా ఎదురుగా తిరుగుతాయట.

వీడియోలు చూస్తుంటే మనసు లాగుతోంది. పడుకుంటే మాత్రం టెన్షన్. తుంగభద్రకు వరద వచ్చినప్పుడు నేను గట్టు మీద నిలబడితేనే మా అమ్మ ఒప్పుకోదు. సొరచేపల సంగతి ఆమెకింకా చెప్పలేదు.

నాకు తెలియాల్సినవి ఇవి. నా అనుభవంతో ఇలాంటి డైవ్‌కు వెళ్ళొచ్చా? సొర దగ్గరికి వస్తే ఏం చేయాలి? బయల్దేరే ముందు ఇక్కడ కర్నూలులో ఉండి చేయగలిగిన తయారీ ఏమన్నా ఉందా?


కేసీ_కాలువ | కర్నూలు

బాబూ, నేను చిన్నప్పటి నుంచి కేసీ కెనాల్లో, తుంగభద్రలో ఈదినవాణ్ణి. నీళ్ళంటే నాకు భయం లేదు. అయినా నీ ప్రయాణం నాకు నచ్చలేదని మొదటే చెప్పేస్తున్నా.

2023 జూన్‌లో ఈజిప్టులోని హుర్ఘాదా దగ్గర ఈదుతున్న ఒక రష్యన్ యువకుణ్ణి టైగర్ షార్క్ చంపేసింది. ఒడ్డు మీద జనం చూస్తూనే ఉన్నారు, ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అతను మామూలుగా ఈదుతున్నవాడు, నువ్వేమో స్కూబా అంటావు. సరే, 2017లో కోస్టారికాకు చెందిన కోకోస్ దీవి దగ్గర చనిపోయిన మహిళ స్కూబా డైవరే. డైవ్ ముగించి పైకి వస్తుండగా టైగర్ షార్క్ కరిచింది. వెంట ఉన్న గైడుకూ గాయాలయ్యాయి.

దాని ఇంట్లోకి మనం పోయి, అది మనల్ని ఏమీ చేయదని నమ్ముకోవడం ఎందుకు? పెద్దవాణ్ణి కాబట్టి అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు.


అనంత_నీలం | అనంతపురం

తమ్ముడూ, నేను అనంతపురం అమ్మాయిని. అండమాన్‌లో, తర్వాత మాల్దీవుల్లో డైవ్ గైడుగా పనిచేశాను. టైగర్ షార్కుల డైవ్‌లకు మనుషుల్ని తీసుకెళ్ళిన అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

ముందు పెద్దాయన చెప్పిన రెండు సంఘటనల గురించి. రెండూ నిజమే, దాచాల్సిన పని లేదు. వీటితో పాటు ఇంకో లెక్క కూడా చూడాలి. ఫ్లోరిడా మ్యూజియంలో ఇంటర్నేషనల్ షార్క్ అటాక్ ఫైల్ అనే రికార్డు నడుపుతారు. మనిషి కవ్వించకుండా సొర కరిచిన ఘటనలు 2024లో ప్రపంచమంతా కలిపి 47 అని అందులో ఉంది. వాటిలో ఎక్కువ భాగం సర్ఫింగ్ చేసేవాళ్ళకు, ఒడ్డు దగ్గర ఈదేవాళ్ళకు జరిగినవే. స్కూబా డైవర్ల వాటా ఏటా చాలా తక్కువగానే ఉంటుంది.

దానికి కారణం ఉంది. నీటి పైన కాళ్ళు చేతులు ఆడించే మనిషి కింద నుంచి చూసే సొరకు ఒక నల్లటి ఆకారంగా, గాయపడిన జంతువులా కనిపించొచ్చు. ఆ మనిషికేమో కింద ఏముందో కనిపించదు. డైవర్ దాని లోకంలోనే, దాని ఎత్తులోనే ఉంటాడు. బుడగల చప్పుడు చేస్తాడు, కళ్ళెత్తి దాన్నే చూస్తాడు. వేటకు ఇది అలవాటైన పరిస్థితి కాదు. అందుకే చాలా సొరలు ఒకసారి చూసి పక్కకు తప్పుకుంటాయి. అండమాన్‌లో డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అనే డైవ్ చోట్ల దగ్గర కనిపించే వైట్‌టిప్ రీఫ్ షార్కులైతే మన వైపు తిరిగి కూడా చూడవు.

కానీ టైగర్ షార్క్ అలా తప్పుకునే రకం కాదు. దానికి ఆసక్తి ఎక్కువ. నెమ్మదిగా, తొందర లేకుండా వస్తుంది. ఎదురుగా వచ్చేదాని గురించి నాకు పెద్దగా దిగులుండదు. మనం చూడనప్పుడు వెనక నుంచి వచ్చేదాని గురించే జాగ్రత్త. అందుకే అక్కడ మొదటి నియమం, ఎన్ని సొరలున్నా అన్నీ ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో తల తిప్పుతూ చూసుకుంటూ ఉండాలి. దగ్గరికొస్తున్నదాని కళ్ళలోకి సూటిగా చూడాలి. చూస్తున్నామని తెలిస్తే చాలాసార్లు అదే దారి మార్చుకుంటుంది.

రెండోది, వెనక్కి తిరిగి ఈదుకుంటూ పారిపోకూడదు. వీధికుక్క ఎదురైతే పరుగెత్తొద్దని మన పెద్దవాళ్ళు చెప్తారే, అదే సూత్రం. నిలబడ్డచోటే ఉండాలి, శరీరం నిటారుగా, చేతులు ఛాతీ దగ్గరికి ముడుచుకుని. బాగా దగ్గరికొస్తే చేతిలోని కెమెరాను మీకూ దానికీ మధ్య పెట్టండి. సొర తల మీద చెయ్యి పెట్టి పక్కకు మళ్ళించే వీడియోలు మీరు చూసే ఉంటారు. అది ఏళ్ళ తరబడి ఆ సొరలతోనే పనిచేసిన గైడ్ల పని. అతిథులెవరూ దాన్ని అనుకరించకూడదు.

ఫువాములాలో డైవర్లందరూ ఒక వరుసలో, వీపు రీఫ్ వైపు, అంటే పగడపు దిబ్బ వైపు, పెట్టి కింద కూర్చుంటారు. పక్కల గైడ్లుంటారు. వరుసలోంచి ఒక్కరు లేచి ఫోటో కోసం ముందుకు ఈదితే మొత్తం అమరిక చెడిపోతుంది. చేతులకు నల్ల గ్లోవ్స్, తలకు హుడ్ అడుగుతారు. నల్లటి సూట్లోంచి బయటికి తెల్లగా మెరిసే చేతులు చేపముక్కల్లా కనిపించే ప్రమాదం ఉందని. ఉంగరాలు, గొలుసులు, వెండి కడియాలు గదిలోనే వదిలేయండి. మెరిసే తెలుపు, పసుపు ఫిన్స్ కూడా వద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. అది సొర గురించి కాదు, నీ గురించి. నీ బయన్సీ, అంటే నీళ్ళలో తేలే అదుపు, ఎలా ఉంది? ఒకేచోట పైకీ కిందికీ పోకుండా నిలబడగలవా? కరెంట్, అంటే నీటి ప్రవాహం, వస్తే ఊపిరి అదుపులో ఉంటుందా? ఇవి రానివాళ్ళని అక్కడికి నేను తీసుకెళ్ళను.


కొండారెడ్డి_బురుజు | కర్నూలు

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. బయన్సీ అంటే, నిజం చెప్పాలంటే ఇంకా పూర్తిగా కుదరలేదు. పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ చేసేటప్పుడు తాడు పట్టుకుంటేగానీ నిలబడలేకపోతున్నా. గాలి కూడా నాకే అందరికంటే ముందు అయిపోతోంది.


పెన్నా_తీరం | కడప

నేను కడపలో డాక్టర్‌ని. డైవింగ్ నాకు సరదా, అప్పుడప్పుడు వెళ్తుంటాను. పైన అక్క చివర రాసిన మాటకు వైద్యం వైపు నుంచి కొంచెం జతచేస్తాను. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

సొర కనిపించగానే భయపడిన మనిషి ఏం చేస్తాడు? ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోతాడు. పది మీటర్ల లోతులో నీటి ఒత్తిడి, గాలి ఒత్తిడి కలిసి పైన ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి నీటిపైకి చేరేసరికి రెట్టింపు చోటు కావాలంటుంది. ఊపిరి బిగబట్టి ఉంటే ఊపిరితిత్తి చిరుగుతుంది, బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు పోవచ్చు. ప్రాణం పోవడానికి కొన్ని నిమిషాలు చాలు. ఇంతా చేసి సొర ఆ మనిషిని ముట్టుకుని కూడా ఉండదు. డైవింగ్ మరణాల నివేదికల్లో ముందు వరుసలో ఉండేవి గుండె సమస్యలు, గాలి అయిపోవడం, హడావిడిగా పైకి రావడం. సొరల పేరు ఎక్కడో అరుదుగా వస్తుంది.

అందుకే కర్నూలులో ఉండి చేయగలిగినది చాలా ఉంది. మొదట ఒక ఫిజీషియన్ దగ్గర డైవింగ్ మెడికల్ ఫారం చూపించి పరీక్ష చేయించుకో. ఆస్తమా, ఫిట్స్, చెవిలో ఇన్ఫెక్షన్, గుండె జబ్బు, బీపీ మందులు, వీటిలో ఏది ఉన్నా దాచొద్దు. జలుబు ఉంటే దిగొద్దు, చెవి పొర పోవచ్చు. ఈత కొలనులో ఆగకుండా 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు తేలుతూ ఉండటం కోర్సులో చేసే ఉంటావు, ఇప్పుడు మళ్ళీ చేసి చూసుకో. రోజూ నడక, నెమ్మదిగా పొడవైన ఊపిరి. గాలి ముందే అయిపోవడానికి చాలాసార్లు కారణాలు రెండే: కంగారు, నడుముకు కట్టుకున్న అదనపు బరువు. 20 మీటర్ల లోతులో ప్రతి శ్వాసకూ పైన కంటే మూడు రెట్లు గాలి ఖర్చవుతుందని గుర్తుంటే పొదుపు దానంతటదే వస్తుంది.

ఇంకొకటి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ప్రమాదాలు సాధారణంగా ఉండవు. డైవింగ్ బీమా వేరుగా తీసుకోవాలి. రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) చికిత్స, అక్కడి నుంచి తరలింపు ఖర్చు అందులో ఉన్నాయో లేదో చదివి చూడు. తిరుగు ప్రయాణంలో చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఫువాములా నుంచి మాలేకు వచ్చేదీ విమానమే కాబట్టి ఆఖరి రోజును ఖాళీగా ఉంచుకో.


గుత్తి_కోట | అనంతపురం

మీరంతా ఫువాములా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాది వేరే అనుభవం. ఉద్యోగం పని మీద దక్షిణాఫ్రికా వెళ్ళినప్పుడు గాన్స్‌బాయ్‌లో బోను డైవింగ్ చేశాను. కేప్‌టౌన్ నుంచి రెండు గంటల దారి. దానికి స్కూబా సర్టిఫికెట్ అక్కర్లేదు. పడవ పక్కన కట్టిన ఇనుప బోనులో నిలబడి, పడవలోవాళ్ళు కేకేసినప్పుడు ఊపిరి బిగబట్టి తల నీళ్ళలోకి పెట్టడమే. నీళ్ళు మాత్రం ఎముకలు కొరికే చలి. మన ఎండల్లో పెరిగిన ఒంటికి అది పెద్ద పరీక్ష.

గ్రేట్ వైట్ చూద్దామని వెళ్ళాను, కనిపించినవి బ్రాంజ్ వేలర్లు అనే వేరే రకం సొరలు. కారణం అడిగితే చెప్పారు. 2017 నుంచి పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టిన రెండు ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్, ఆ తీరంలో గ్రేట్ వైట్లను చంపి కాలేయం మాత్రం తినేస్తున్నాయట. మిగిలినవి ఆ ప్రాంతం వదిలి పోయాయి. అంత పెద్ద సొర కూడా భయపడి ఇల్లు ఖాళీ చేసి పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ బోను ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అక్కడే విన్నాను. రాడ్నీ ఫాక్స్ అనే ఆస్ట్రేలియన్‌ను 1963లో ఈటెతో చేపలు వేటాడే పోటీలో గ్రేట్ వైట్ కరిచింది. వందల కుట్లు పడ్డాయి. బతికి బయటపడ్డాక ఆయనే బోనులో దిగి వాటిని చూసే పద్ధతిని ముందుకు తెచ్చాడు, తర్వాత జీవితమంతా సొరల రక్షణ కోసం మాట్లాడాడు. భయంగా ఉన్నవాళ్ళు ముందు ఇలాంటిదానితో మొదలుపెట్టొచ్చని నా సలహా.


ప్రొద్దుటూరు_జువాలజీ | కడప

కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. డైవింగ్ రాదు. సొర ఏం గ్రహిస్తుందో తెలిస్తే నియమాల వెనక కారణం అర్థమవుతుందని రాస్తున్నా.

మైలు దూరంలో ఒక రక్తపు చుక్క పడితే సొర పసిగడుతుందనేది అతిశయోక్తి. వాసన నీటి ప్రవాహంతో మోసుకొస్తేనే దానికి చేరుతుంది. స్త్రీలు నెలసరి రోజుల్లో డైవ్ చేయకూడదన్న భయానికి కూడా ఆధారం లేదు, ఆ కారణంగా దాడులు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. సొరకు చాలా దూరం నుంచి అందేది చప్పుడు, ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు. గాయపడి గిలగిల్లాడే చేప చేసే చప్పుడు అలాంటిదే. నీళ్ళలో కాళ్ళు టపటపలాడించే మనిషి చేసేదీ దాదాపు అదే. ఈటెతో చేపలు పట్టేవాళ్ళ దగ్గరికి సొరలు వెంటనే రావడానికి కారణమూ ఇదే. పక్కన ఎవరైనా చేపలు వేటాడుతుంటే ఆ చోట దిగకండి.

దగ్గరికొచ్చాక పక్కగీత అనే అవయవంతో నీటి కదలికను పట్టుకుంటుంది. ఇంకా దగ్గరగా, మూతి మీదున్న సన్నని రంధ్రాలతో ప్రాణుల కండరాల్లో పుట్టే అతి తక్కువ విద్యుత్తును కూడా గుర్తిస్తుంది. వాటిని ఆంపుల్లే ఆఫ్ లోరెంజిని అంటారు. చేతులు లేవు కాబట్టి అది ఏదైనా తెలుసుకోవాలంటే మూతితో తాకి చూస్తుంది, కొన్నిసార్లు నోటితో. ఎర్రసముద్రంలో ఓషియానిక్ వైట్‌టిప్ అనే నడిసముద్రపు సొర డైవర్లను పదేపదే చుట్టి వచ్చి మూతితో గుద్దడం దీనిలో భాగమే. నడిసముద్రంలో తిండి దొరకడం కష్టం, కనిపించిన ప్రతిదాన్నీ పరీక్షించాలి దానికి. అలాంటి సొర వదలకుండా దగ్గరికొస్తుంటే అందరూ ఒక్కచోట చేరి, ఒకరి వీపు ఒకరికి ఆనించి, నెమ్మదిగా పడవెక్కడమే మంచిది.

సొర కోపానికి గుర్తులు ఉన్నాయి. గ్రే రీఫ్ షార్క్ బెదిరిపోయినప్పుడు పక్కరెక్కలు కిందికి వంచి, వీపు గూనుగా పెట్టి, తల అటూ ఇటూ ఎక్కువగా ఊపుతూ ఈదుతుంది. 1970లలోనే దీన్ని పరిశోధకులు నమోదు చేశారు. అది ఆకలి కాదు, తప్పుకోమనే హెచ్చరిక. దాని దారికి అడ్డం లేకుండా వెనక్కి తగ్గితే సరిపోతుంది. ఫోటో కోసం వెంటపడినవాళ్ళకు కాట్లు పడిన సందర్భాలున్నాయి.

ఈ గుర్తులు చదవడం వచ్చినంత మాత్రాన అంతా మన చేతిలో ఉంటుందని కాదు. ఎరిక్ రిట్టర్ అనే సొర ప్రవర్తన నిపుణుణ్ణి 2002లో బహామాస్‌లో, చిత్రీకరణ జరుగుతుండగా, నడుము లోతు నీళ్ళలో బుల్ షార్క్ పిక్క దగ్గర కరిచింది. చుట్టూ ఎర వేసి ఉంది. అనుభవం ఉన్నవాడికే అలా జరిగిందంటే ఎర ఉన్నచోట మనం ఇంకెంత దూరం పాటించాలో ఆలోచించండి.


కేసీ_కాలువ | కర్నూలు

లెక్చరర్ గారూ, నేను అడగాలనుకున్నది సరిగ్గా అక్కడే. ఫువాములాలో కూడా చేపల తలలు రాళ్ళ కింద పెట్టి పిలుస్తారని విన్నాను. మనిషంటే తిండి అని దానికి అలవాటు చేస్తున్నట్టే కదా? రేపు ఆ దీవిలో పిల్లలు ఈదితే వాళ్ళ గతి?


అనంత_నీలం | అనంతపురం

పెద్దాయనా, మీ ప్రశ్న సరైనదే. నాకూ దీని మీద రెండు మనసులున్నాయి.

ఫువాములా రేవు దగ్గరికి టైగర్లు రావడం డైవర్ల వల్ల మొదలవలేదు. జాలర్లు ట్యూనా కోసి తలలూ పేగులూ రేవులో పారేసేవాళ్ళు, వాటి కోసం సొరలు ముందు నుంచే వచ్చేవి. వచ్చేవాటిలో ఎక్కువ ఆడవి, గర్భంతో ఉన్నవి కూడా చాలా. డైవింగ్ తర్వాత వచ్చింది. చేపల తలలు రాళ్ళ కింద పెట్టేదీ నిజమే.

ఫ్లోరిడాలో 2001లోనే సొరలకు తిండి పెట్టే డైవింగ్‌ను నిషేధించారు. ఫిజీలోని షార్క్ రీఫ్ మెరైన్ రిజర్వ్‌లో మాత్రం బుల్ షార్కులకు తిండి పెట్టే డైవ్ నడుస్తుంది. అక్కడ డైవర్లు కట్టే రుసుము చుట్టుపక్కల ఊళ్ళకు చేరుతుంది, దానికి బదులుగా ఆ ఊళ్ళవాళ్ళు ఆ రీఫ్‌లో చేపలు పట్టడం మానుకున్నారు. బతికున్న సొర వల్ల ఊరికి ఆదాయం ఉంటే దాని రెక్కలు కోసి అమ్మే ఆలోచన తగ్గుతుంది. మాల్దీవులు 2010లో సొరల వేటను నిషేధించడంలో ఈ లెక్కకు చాలా పాత్ర ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది: చేతితో తినిపించే చోటికి, సొరను ముద్దు పెట్టుకోనిచ్చే చోటికి, ఒకేసారి పెద్ద గుంపుల్ని దింపే చోటికి వెళ్ళొద్దు. వాసన కొంచెం పెట్టి, గైడ్లు ఎక్కువగా, అతిథులు తక్కువగా ఉండే చోటును ఒప్పుకోగలను. బుక్ చేసే ముందు అడగండి, ఒక గైడుకు ఎంతమంది? ఎర ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు? పడవలో ఆక్సిజన్, రక్తం ఆపే టోర్నికెట్ ఉన్నాయా? వాడటం వచ్చినవాళ్ళు ఎవరు? సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టొద్దు. ధర తక్కువని అసలే వద్దు.


పెన్నా_తీరం | కడప

టోర్నికెట్ సంగతి వచ్చింది కాబట్టి. సొర కాటు తర్వాత ప్రాణం పోయేది దాదాపు ఎప్పుడూ రక్తస్రావం వల్లే. మనిషిని నీళ్ళలోంచి బయటికి తీయగానే గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి. కాలు చేయి నుంచి రక్తం చిమ్ముతుంటే గాయానికి పైభాగంలో టోర్నికెట్ బిగించి, బిగించిన సమయం రాసిపెట్టాలి. ఆసుపత్రిలో తప్ప విప్పకూడదు. పడుకోబెట్టి, వెచ్చగా కప్పి, వెంటనే తరలించాలి. వెట్‌సూట్‌ను తొందరపడి కోసి తీయొద్దు, అది కొంత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఇది మన రోడ్డు ప్రమాదాలకూ పనికొచ్చే విద్య, అందరూ నేర్చుకోవాలి.


ఆదోని_కుర్రోడు | కర్నూలు

నాకు ఈతే రాదు. సముద్రం కూడా ఒక్కసారే చూశా. అయినా పెద్ద సొరను చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. నాలాంటివాళ్ళకు దగ్గర్లో ఏమైనా ఉందా అన్నలూ? టైగర్ షార్క్ లాంటివి వద్దు, మెత్తగా ఉండేవి చాలు.


అనంత_నీలం | అనంతపురం

ఉంది. నీకు తగినది తిమింగల సొర, అదే వేల్ షార్క్. చేపలన్నిటిలోకీ పెద్దది, 18 మీటర్ల దాకా కూడా పెరుగుతుంది. అంత ఒళ్ళుండి తినేది ప్లాంక్టన్ అనే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, చిన్నచిన్న చేపలు. నోరు తెరిచి నీళ్ళను వడకట్టుకుంటుంది. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి చుట్టూ అప్పుడప్పుడు కనిపిస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే, అది గ్యారంటీ ఉన్న విషయం కాదు. ఈత రానివాళ్ళనూ ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని ఎక్కువ లోతు లేని డైవ్‌కు తీసుకెళ్తాడు. నా మాట వింటే మాత్రం ముందు ఈత నేర్చుకో.

అది ఎదురైతే పక్క నుంచి కనీసం మూడు మీటర్లు, తోక దగ్గర నాలుగు మీటర్లు దూరంగా ఉండాలి. తోక తగిలితే ఎముక విరుగుతుంది, దానికి మన మీద కోపం ఉండక్కర్లేదు. తాకొద్దు, దారికి అడ్డం పోవద్దు, ఫ్లాష్ వద్దు. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో వాటికి రోజూ తిండి పెట్టి పర్యాటకులకు చూపిస్తారు. పడవల దగ్గరికి వచ్చి వచ్చి వాటి మూతులకు పుండ్లు పడ్డాయి. అలాంటి చోటికి మాత్రం వెళ్ళకు.


ప్రొద్దుటూరు_జువాలజీ | కడప

తిమింగల సొర గురించి ఒక్క విషయం కలుపుతా. దాని ఒంటి మీది తెల్ల చుక్కల అమరిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. హబుల్ టెలిస్కోప్ చిత్రాల్లో నక్షత్రాల గుంపులను పోల్చడానికి వాడిన లెక్కల పద్ధతినే మార్చి, 2005లో ఈ చుక్కలను గుర్తుపట్టే పద్ధతిని తయారుచేశారు. మొప్పల వెనక ఎడమ పక్కను స్పష్టంగా ఫోటో తీస్తే, మామూలు పర్యాటకుడి ఫోటో కూడా ఆ సొర ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పడానికి పనికొస్తుంది.

మన దేశంలో 2001లో దీన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంతకుముందు గుజరాత్‌లోని వెరావల్ తీరంలో నూనె కోసం, మాంసం కోసం వందల్లో చంపేవాళ్ళు. 2004లో అక్కడ మొదలైన ప్రచారంలో రామకథా ప్రవచనకారుడు మొరారీ బాపు దాన్ని పుట్టింటికి పురుడు పోసుకోవడానికి వచ్చే ఆడబిడ్డతో పోల్చారు. ఇప్పుడు అక్కడి జాలర్లు వలలో పడితే వల కోసి మరీ వదిలేస్తున్నారు. వాళ్ళను తలుచుకుంటే నాకు చాలా గౌరవం.


కేసీ_కాలువ | కర్నూలు

ఇదంతా చదివాక ఒకటి చెప్తా. నేను వెళ్ళను, నా కొడుకునూ పంపను. కానీ ఏడాదికి దాదాపు 10 కోట్ల సొరల్ని మనుషులు చంపుతున్నారన్న అంచనా మా అబ్బాయి ఇప్పుడే చూపించాడు. ఆ లెక్క నాకు తెలియదు. సొర వల్ల మనకున్న ప్రమాదం కంటే, మన వల్ల సొరకున్న ప్రమాదమే పెద్దది అన్నమాట. బాబూ కర్నూలు పిల్లోడా, వెళ్తే జాగ్రత్తగా వెళ్ళు. ముందు అమ్మకు చెప్పు. చెప్పకుండా మాత్రం పోవద్దు.


కొండారెడ్డి_బురుజు | కర్నూలు

చెప్పాను పెద్దాయనా. డాక్టర్ గారి పోస్టు, అక్క పోస్టు అమ్మకు చదివి వినిపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆ టోర్నికెట్ ఎక్కడ దొరుకుతుందని తనే అడిగింది.

ఈసారి ఫువాములా వద్దనుకున్నాను. మిత్రులకూ చెప్పేశా. ముందు అండమాన్ వెళ్ళి అడ్వాన్స్‌డ్ కోర్సు, అందులో బయన్సీ మీద ఎక్కువ సమయం. తాడు పట్టుకోకుండా ఐదు మీటర్ల దగ్గర నిలబడటం వచ్చాక, గాలి అందరితో సమానంగా మిగిలాక, అప్పుడు మాల్దీవులు. మెడికల్ ఫారం వచ్చే వారం చూపిస్తున్నాను. అక్కా, అండమాన్‌లో కరెంట్‌లో సాధన చేయడానికి ఏ నెలలు మంచివి?


అనంత_నీలం | అనంతపురం

మంచి నిర్ణయం తమ్ముడూ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్ళు తేటగా ఉంటాయి. ముందు కరెంట్ లేని చోట మొదలుపెట్టు, తర్వాత గైడుతో డిక్సన్స్‌కు వెళ్ళు. కోర్సులో చేరేటప్పుడే చెప్పు, బయన్సీ డైవ్ ఒకటి తప్పకుండా కావాలని. బరువులు ఎన్ని కట్టుకుంటున్నావో లాగ్‌బుక్‌లో ప్రతిసారీ రాసుకో, డైవ్‌కు ఒక్కో కిలో తగ్గించి చూడు. ఒకటి మర్చిపోయా. అండమాన్‌లో భయపడాల్సింది సొరకు కాదు, ఉప్పునీటి మొసలికి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది. మడ అడవుల దగ్గర, వాగులు సముద్రంలో కలిసే చోట, బోర్డు పెట్టిన తీరాల్లో ఈదొద్దు.


ఆదోని_కుర్రోడు | కర్నూలు

నేత్రాణికి ఎప్పుడు వెళ్ళాలి అక్కా? రైలా బస్సా?


గుత్తి_కోట | అనంతపురం

దీనికి నేను చెప్తా. అక్టోబర్ నుంచి మే దాకా డైవింగ్ ఉంటుంది, వానాకాలంలో పడవలు పోవు. మీకు బళ్ళారి దగ్గరే కాబట్టి అక్కడి నుంచి హుబ్బళ్ళి, హుబ్బళ్ళి నుంచి మురుడేశ్వర్ బస్సులో పోవచ్చు. పడవ ప్రయాణం గంటకు పైనే ఉంటుంది, వాంతులు రాకుండా ముందే మాత్ర వేసుకో. ఈత క్లాసులో చేరాక ఇక్కడ రాయి, డిసెంబర్‌లో నేనూ వెళ్దామనుకుంటున్నా.